ఎంఏ ఫిలాసఫీకి సరే అనే ముందు ఒక అధ్యాయం చదివించండి

ప్రశ్న: మాది కడప. అమ్మాయి ఇక్కడే బీఎస్సీ చివరి సంవత్సరం. ఎంసీఏ చేయమంటే ఎంఏ ఫిలాసఫీ అంటోంది. వేదాంతం ఇంట్లో చదువుకోవచ్చు కదా అంటే, ‘అది కాదు నాన్నా, ఇప్పటివాళ్లు రాస్తున్న పుస్తకాలు చదవాలి’ అంటోంది. దీంతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: మీ మనసంతా ఉద్యోగం మీదే ఉంది కాబట్టి ముందు అదే తేల్చేద్దాం. క్యాంపస్ ఎంపికలు ఆశించకండి. మన జిల్లాల డిగ్రీ కళాశాలల్లో ఫిలాసఫీ పోస్టులు అరుదు. అధ్యాపకురాలు కావాలంటే రెండేళ్ల ఎంఏ, ఆపైన నెట్ (జాతీయ అధ్యాపక అర్హత పరీక్ష) గట్టెక్కాలి, పీహెచ్‌డీ కూడా ఉంటే మేలు. పీహెచ్‌డీ చేసేటప్పుడు జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 అందుతుంది. రాకపోతే ఆ భారం చాలావరకు ఇంటి మీదే పడుతుంది. సివిల్స్ కోసమే అయితే ఎంఏ అక్కర్లేదు. 500 మార్కుల ఫిలాసఫీ ఆప్షనల్‌ను ఏ డిగ్రీవారైనా తీసుకోవచ్చు. బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు ఆమె బీఎస్సీ ఎలాగూ పనికొస్తుంది.

ఇక ఇంట్లో చదువుకోవచ్చన్న మాట. అక్కడ మీ అమ్మాయి వైపే నా ఓటు.

ఉదాహరణకు, హార్వర్డ్ ఆచార్యుడు, రాజకీయ తత్వవేత్త మైఖేల్ శాండెల్ 2020లో ‘ది టిరనీ ఆఫ్ మెరిట్’ (ప్రతిభ నిరంకుశత్వం) రాశారు. గెలిచినవాడు అంతా నా ప్రతిభే అని విర్రవీగుతాడు, ఓడినవాడు తప్పంతా నాదే అని కుంగిపోతాడు, రెండూ సమాజానికి చేటే అంటారాయన. పేరున్న విశ్వవిద్యాలయాలు అక్కడ చదవగల సత్తా ఉన్నవారందరినీ ఏరి, సీట్లకు లాటరీ తీయాలని ప్రతిపాదిస్తారు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతో పిల్లల విలువ కట్టే మనకు ఒళ్లు మండే మాట! మండిన తర్వాతే అసలు చదువు మొదలవుతుంది. సత్తా ఉన్నవారిని ఏరేటప్పుడు మళ్లీ ప్రతిభనే చూశారు కదా? ఈ ప్రశ్న ఆయనకు తట్టలేదా? తట్టింది. ప్రతిభ గడప దాటడానికి మాత్రమే, దాటాక ఎవరు ఎక్కువని కొలవడానికి కాదు అన్నది ఆయన సమాధానం. మరి ఆ గడప ఎత్తు ఎవరు నిర్ణయిస్తారు? డబ్బున్న ఇంటి పిల్లలే ఎక్కువగా దాటితే లాటరీ వల్ల ఒరిగేదేమిటి? ఇలా చదివితే పది పేజీలకు ఒక సాయంత్రం పడుతుంది. నిన్న మొన్న వచ్చిన పుస్తకానికి గైడ్లు ఉండవు. తప్పుగా అర్థం చేసుకుంటే పట్టుకునే గురువు, ఎదురు వాదించే తోటివారు ఉండాలి. మీరు కట్టే ఫీజు వారి కోసమే అనుకోండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకు సీయూఈటీ పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. దరఖాస్తులకు డిసెంబరు, జనవరి నెలల్లో కన్నేసి ఉంచండి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనూ ఫిలాసఫీ విభాగం ఉంది. పేరు చూసి కాదు, సిలబస్ తెప్పించుకుని సమకాలీన తత్వశాస్త్రానికి ఎన్ని పేపర్లు ఉన్నాయో చూసి ఎంచుకోండి. చదవడం, రాయడం ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. ఆమెకు అందులో తడబాటు ఉంటే ఇప్పటి నుంచే సాధన చేయాలి.

ఈలోగా శాండెల్ పుస్తకంలో ఆ లాటరీ అధ్యాయం చదివి రెండు పేజీలు రాయమనండి. మొదటి పేజీలో రచయిత వాదన, ఆయనే చదివినా ‘నేనన్నది ఇదే’ అనేలా ఉండాలి. రెండో పేజీలో తన అభ్యంతరం. తెలుగులోనే రాయనివ్వండి, చదివేది మీరే కాబట్టి. మొదటి పేజీ రాయకుండానే రెండో పేజీకి పరుగెత్తితే ఎంసీఏ మాట మళ్లీ ఎత్తవచ్చు. మొదటి పేజీ మీకు తేటగా అర్థమైతే మాత్రం దరఖాస్తు ఫీజు కట్టేయండి.