తూర్పారబట్టడంలో తూర్పు దిక్కు ఉందా?

‘ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబట్టింది’ అని పత్రికల్లో తరచూ చదువుతాం కదా, ఇందులోకి తూర్పు ఎందుకు వచ్చింది, ఈ మాటకు అసలు అర్థం ఏమిటి అన్నది మీ ప్రశ్న. నూర్చిన ధాన్యాన్ని గాలికి ఎత్తి గింజనూ పొట్టునూ వేరు చేయడమే తూర్పారబట్టడం. చిన్నతనంలో కళ్ళంలో, అంటే ధాన్యం నూర్చే చోట, ఈ పనికి చేయి కలిపినవాణ్ణి కాబట్టి ముందు పని సంగతే చెబుతాను.

మాది గోదావరి డెల్టా. వరి కుప్ప నూర్చిన తరువాత కళ్ళంలో గట్టి గింజతో పాటు తాలు (గింజ పట్టని వడ్లు), గడ్డి నలుసులు, దుమ్ము కలగలిసి ఉండేవి. దానిని చేటలకు ఎత్తి, ఎత్తుపీట మీద నిలబడినవారికి కింది నుంచి అందించేవాళ్ళం. వారు చేటను తల ఎత్తున పట్టుకుని, అంచును కొద్దికొద్దిగా కదుపుతూ సన్నని ధారగా వదిలేవారు. గట్టి గింజ తన బరువుకు తాను పీట ముందే రాశిగా పడేది, తాలు మూరెడు అవతల వాలేది, నలుసులు ఇంకా దూరం కొట్టుకుపోయేవి. రాశి అంచున పడిన తాలును ఒకరు చీపురుతో తాకీ తాకనట్టు పక్కకు తోస్తూ ఉండేవారు. చీపురు కాస్త గట్టిగా ఆనితే గింజ కూడా పోతుంది కనుక ఆ పని మా పిల్లలకు ఇచ్చేవారు కాదు. గాలి పడిపోతే మా తాతయ్య చేట దించి కూర్చునేవారు. నేను తొందరపడితే, “గాలి లేకుండా ఎత్తితే తాలు మళ్ళీ రాశిలోకే వస్తుందిరా, కాసేపు ఆగు” అనేవారు.

తూర్పు గాలికి ఎత్తుతారు కాబట్టి తూర్పారబట్టడం అన్నారని చాలామంది చెబుతారు. సార్వా (వానాకాలపు) పంట నూర్పిడి జరిగే చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది కాబట్టి ఆ మాట నిజమే అనిపిస్తుంది కూడా. అయితే ఎండాకాలంలో దాళ్వా (రెండో పంట) ధాన్యాన్ని మేము దక్షిణం నుంచి వచ్చే పైరగాలికి ఎత్తేవాళ్ళం, అప్పుడూ దానిని తూర్పారబట్టడమే అనేవాళ్ళం. అసలు సంగతి సోదర భాషలను చూస్తే తెలుస్తుంది: ధాన్యాన్ని గాలికి ఎత్తడాన్ని కన్నడంలో ‘తూరు’ అని, తమిళంలో ‘తూట్రు’ అని అంటారు. మన తూర్పారబట్టడంలోనూ, తూర్పెత్తడంలోనూ ఉన్న ‘తూర్పు’ ఆ కుటుంబానికి చెందిన మాటే. దిక్కు పేరుతో రూపం కలిసిపోవడం వల్లనే ఈ తికమక అంతా. తమిళ ‘తూట్రు’కు నలుగురిలో నిందించడం అనే అర్థం కూడా ఉండటం మరీ విశేషం. ధాన్యాన్ని చెల్లాచెదురుగా గాలిలోకి వదిలే పనిలో ఒకరి పరువును గాలికి వదలడం ఆ భాషవారికీ కనిపించిందన్నమాట.

ఇక పత్రికల వాడుక గురించి నాకు చిన్న అభ్యంతరం ఉంది. తూర్పారబట్టడం అంటే కేవలం తిట్టడం కాదు. చేట ఎత్తినవాడి కన్ను తాలు మీద కాదు, గింజ మీద ఉంటుంది. ఒకరి వాదాన్ని గాలికి ఎత్తి, నిలిచేది ఏదో, ఎగిరిపోయేది ఏదో నలుగురి ముందు తేల్చినప్పుడు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. వట్టి తిట్లకు దుమ్మెత్తిపోయడం అనే మాట వేరే ఉండనే ఉంది. ఏకిపారేయడాన్ని కూడా కొందరు ఇదే కోవలో చేరుస్తారు గానీ, అది దూదిని ఏకే పని నుంచి వచ్చింది, కళ్ళానికి సంబంధించినది కాదు.

కళ్ళం నుంచీ, వడ్లు దంచే రోటి దగ్గర నుంచీ మన నాలుక మీదికి వచ్చిన మాటలు ఇంకా ఉన్నాయి. బియ్యం రాలని ఊకను దంచుతూ కూర్చోవడమే ఊకదంపుడు. గింజ పట్టని వట్టి పొట్టు పొల్లు. అచ్చు లేని హల్లును పొల్లు అనడమూ, విన్నది విన్నట్టు చెప్పినవారిని ‘అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు’ అని మెచ్చుకోవడమూ అందుకే.