1936 నాటి కాలేజీ మ్యూజికల్ కామెడీ ఇప్పుడు చూడగలమా?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు హాలీవుడ్‌లో వచ్చిన కాలేజీ మ్యూజికల్ కామెడీలు ఈ రోజుల్లో బోర్ కొట్టకుండా చూడగలమా అని అడిగారు. చూడొచ్చండీ, కాకపోతే కథ కోసం కూర్చోకండి.

నేను చూసింది 1936లో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ వాళ్లు తీసిన 'పిగ్‌స్కిన్ పరేడ్'. హాలీవుడ్ గాయని, నటి జూడీ గార్లండ్ మొదటి పెద్ద సినిమా ఇదేనని తెలిసి, ఓ రాత్రి అందరూ పడుకున్నాక లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పేరున్న యేల్ యూనివర్సిటీ వాళ్లు పొరపాటున టెక్సస్‌లోని ఓ అనామక కాలేజీని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పిలుస్తారు. ఇక్కడేమో సరైన ఆటగాడు లేడు. వెతగ్గా వెతగ్గా, పాదున కాసిన కాయల్ని గురి తప్పకుండా విసిరే ఓ పల్లెటూరి అమాయకుడు దొరుకుతాడు. ఆ వేషం స్టూవర్ట్ అర్విన్‌ది. అప్పటికి ఆయనకి 33 ఏళ్లు. నలభై దాటిన హీరోలు పుస్తకం చంకన పెట్టుకుని బీఏ క్లాసుకి పోవడం చూస్తూ పెరిగినవాళ్లం, మనకిదో లెక్కా! సహాయ నటుడికి ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టిన ఏడే ఈయన నామినేట్ కూడా అయ్యాడు. నాకు మాత్రం కోచ్ భార్యగా వేసిన ప్యాట్సీ కెల్లీయే ఎక్కువ నచ్చింది. మొగుడి కన్నా ఆట ఆవిడకే బాగా తెలుసు.

అసలు చిక్కు ఆటతోనే. ఇది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. పిగ్‌స్కిన్ అన్నది ఆ బంతికి వాళ్లు పెట్టుకున్న పేరే. ఏమీ అర్థంకాక డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే, "నాలుగు ఛాన్సుల్లో పది గజాలు పోవాలి బావా, అంతే. మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశాడు. నిజానికి ఆ ముక్క చాలు, సినిమా గట్టెక్కింది.

ఇక జూడీ. అప్పటికి 14 ఏళ్లు. ఎంజీఎం స్టూడియో వాళ్లు ఈ సినిమా కోసం ఆ పిల్లని ఫాక్స్‌కి అరువిచ్చారు. రెండు జడలేసుకుని, ఆ పల్లెటూరివాడి చెల్లెలిగా వస్తుంది. నేను పాడతాను, వింటారా అని అడుగుతుంది. పట్టించుకునే నాథుడుండడు. చాలాసేపు అంతే. నాకే విసుగొచ్చి ఫోన్ చూసుకుంటున్నాను. ఇంతలో 'ది బల్బోవా' పాట ఎత్తుకుంది. నేను ఇయర్‌ఫోన్స్ పీకేసి, టైమ్ ఎంతయిందో కూడా చూడకుండా స్పీకర్ పెట్టేశాను. అరిగిపోయిన ప్రింటు, డబ్బాలోంచి వస్తున్నట్టున్న వాద్యాలు, వాటన్నిటినీ పక్కకి నెట్టుకుని వచ్చిందా గొంతు. పిల్ల గొంతులా లేదు. పాట మూడుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాను.

ఆ గోలకి మా ఆవిడ లేచి వచ్చింది. అప్పటికి మ్యాచ్ నడుస్తోంది. నేలంతా మంచు, హీరో బూట్లు విప్పేసి ఉత్తి కాళ్లతో పరిగెడుతున్నాడు. "ఆ చలిలో చెప్పులైనా లేకుండా ఏమిటా పరుగు?" అంటూ తిట్టడానికి వచ్చిన మనిషి కూర్చుండిపోయింది.

మీరు చూస్తే సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటే వెతుక్కోండి. ఆ టెక్సస్ యాసకి ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే, జోకులన్నీ వేరే సినిమావేమో అనిపిస్తాయి.