25 కార్డుల్లో 9 తగిలితే?

ప్రశ్న: అతీంద్రియ శక్తులపై ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారి పరిశోధనల గురించి చదివి, మా క్లాసులో 40 మందిమీ జెనర్ కార్డుల (గుర్తు చూడకుండానే చెప్పాల్సిన కార్డులు) పరీక్ష చేశాం. ఒకమ్మాయి 25లో 9 సరిగ్గా చెప్పింది. అది అతీంద్రియ శక్తేనా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: అప్పుడే అనుకోకండి. కట్టలో వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం ఒక్కోటి 5 చొప్పున ఉంటాయి. ఊరికే ఊహించినా సగటున 5 తగులుతాయి. 9 గానీ అంతకు మించి గానీ తగిలే అవకాశం నూటికి దాదాపు 5. అంటే 40 మందిలో ఇద్దరికి అలా రావడం మామూలే. ఆ అమ్మాయి చేతే 100 విడతలు చేయించండి. మొత్తం 2,500 కార్డుల్లో ఊరికే ఊహించినా 500 దాకా వస్తాయి; 560 దాటితే అప్పుడు పట్టించుకోవాలి. ఎన్ని విడతలో ముందే కాగితం మీద రాసుకోండి. బాగా వస్తున్నప్పుడు ఆపేస్తే లెక్కకు విలువ ఉండదు.

కార్డు చూసేవారూ, చెప్పేవారూ వేరే గదుల్లో ఉండాలి. తొలినాళ్లలో అచ్చయిన కొన్ని కార్డులకు గుర్తు వెనకవైపు నుంచే కనబడేది! చేత్తో కలిపితే సరిగా కలవవు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి వరస కట్టండి. ఒప్పో తప్పో విడత పూర్తయ్యేదాకా చెప్పొద్దు. చెబితే, అయిపోయిన గుర్తులను గుర్తుపెట్టుకుని మిగిలినవి పట్టేస్తారు. చెప్పినవి ఒకరు, కార్డుల వరస మరొకరు విడివిడిగా రాయాలి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో, ఇలాంటి కార్డుల పరీక్షలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసిన రామకృష్ణారావు గారు మరో సంగతి పట్టుకున్నారు. ఒకే మనిషికి రెండు రకాల కార్డులిస్తే, ఒకదానిలో సగటుకు పైన, రెండోదానిలో కింద వచ్చే ధోరణి కనబడిందని ఆయన వాదన. రెండూ కలిపేస్తే ఏమీ మిగలదు కనుక విడిగా లెక్కించాలి. అలా లెక్కిస్తామని పరీక్షకు ముందే నిర్ణయించుకోవాలి సుమా. ఇతరులు చేస్తే అదే ఫలితం నిలకడగా రావడం లేదన్నది ఈ రంగం మీద బలమైన అభ్యంతరం. దాన్ని ఆయన దాటవేయలేదు. 1987లో తోటి పరిశోధకుడు జాన్ పామర్‌తో కలిసి రాసిన వ్యాసంలో విమర్శలకు నేరుగా బదులిచ్చారు.

ప్రశ్న: రామకృష్ణారావు గారిని మనస్తత్వవేత్త అనాలా, తత్త్వవేత్త అనాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, 1967లో అక్కడే మనస్తత్వ, పరామనస్తత్వ (అతీంద్రియ శక్తుల అధ్యయనం) శాఖను నెలకొల్పారు. తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021లో కన్నుమూశారు.

మనసు వేరు, చైతన్యం వేరు అన్నది ఆయన ఆలోచనకు పునాది. చూసినదీ, తలచినదీ చిత్తంలోని వృత్తులు, అంటే మనసులో కలిగే కదలికలు. ప్రయోగశాలలో మనం కొలిచేది వాటినే. ఏ విషయమూ లేని శుద్ధ చైతన్యం ఆ కొలతకు అందదు. అందుకే పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం పక్కన యోగాన్ని, అద్వైతాన్ని నిలబెట్టారు. 2002లో వచ్చిన ‘కాన్షస్‌నెస్ స్టడీస్’ చదవాలనుకుంటే ముందు పతంజలి యోగసూత్రాల్లో మొదటి భాగమైన సమాధి పాదంలోని మొదటి నాలుగు సూత్రాలు చూడండి. ఆ పుస్తకంలోని వాదన తేలిగ్గా అందుతుంది.