కాకటీల్ పెల్లెట్లు మాని పండ్లే తింటుంటే

మీ కాకటీల్ (తలపై కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలుక) పెల్లెట్లు (గుళికల రూపంలో వచ్చే తయారీ మేత) వదిలి బొప్పాయి కోసమే అరవడానికి కారణం పండు కాదు, దానిని పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టడం.

1. ఉదయం పెల్లెట్లు, తరిగిన ఆకుకూర పెట్టి, పండును సాయంత్రానికి మార్చండి. అది రోజు మేతలో పదో వంతు మించరాదు.

2. చాలామంది మరిచేది ఇదే: విశాఖ ఉక్కపోతలో కోసిన పండు త్వరగా పులుస్తుంది కనుక, మిగిలిన ముక్కలను, గిన్నెకూ ఊచలకూ అంటిన గుజ్జుతో సహా, గంటలోపే తీసి కడగాలి, లేకుంటే పక్షి దానినే పొడుస్తూ మేత ముట్టదు.

3. జామ, బొప్పాయి మంచివే. మన్యం సీతాఫలం పెడితే విషపూరితమైన గింజలన్నీ తీసివేయండి, యాపిల్‌కూ అంతే. అవకాడో అసలే వద్దు.

పండు తిన్నాక రెట్ట పలుచబడటం సహజం. మరునాటికీ తగ్గకపోయినా, పక్షి ఒక రోజంతా ఏమీ తినకపోయినా పశువైద్యునికి చూపించండి.