అట్టముక్కకి కోటి డాలర్లా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి ఎవరో ఇంటి ముందు పెట్టి అమ్ముతుంటే పాత బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ల బొమ్మలుండే అట్టముక్కలు) డబ్బా ఒకటి కొన్నాడు. 1952 నాటి మికీ మాంటిల్ అనే పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాడి కార్డు కోటి డాలర్లు దాటిందట! ఎందుకండీ అంత రేటు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిజమేనండీ, 2022లో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. బబుల్‌గమ్‌తో కార్డులిచ్చే టాప్స్ కంపెనీ 1952 కార్డుల సెట్‌ని విడతలుగా వదిలింది. 311 నుంచి 407 దాకా నంబర్లున్న ఆఖరి విడత వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోవస్తోంది, పిల్లల ధ్యాస అమెరికన్ ఫుట్‌బాల్ మీదకి పోయింది, దాంతో సరుకు గోడౌన్‌లో మూలిగింది. మాంటిల్ కార్డుది సరిగ్గా 311వ నంబరు. మిగిలిన పెట్టెల్ని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ సెట్ రూపొందించిన సై బెర్గరే చెప్పేవాడు.

తమాషా ఏంటంటే, ఆ విడతలో మాంటిల్ కార్డుని మిగతా చాలావాటికంటే రెట్టింపు వేశారు. అంటే అరుదు ఒక్కటే చాలదు, ఆటగాడి మీద మోజూ ఉండాలి. పైగా కార్డు మూలలు నలగకూడదు, అచ్చులో బొమ్మ పక్కకి జరగకూడదు. పిల్లలేమో రబ్బర్‌బ్యాండేసి జేబులో కుక్కుకునేవాళ్లాయె!

ముందు మీవాడిని కార్డుల మీద ఏడాది చూడమనండి. 1980ల చివర్లోవైతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, అప్పటికి అందరూ దాచడం మొదలెట్టారు, కంపెనీలూ కుప్పలుతెప్పలుగా అచ్చేశాయి.