కాల్షియం ఎక్కువని రిపోర్టులో ఉన్నా పట్టించుకోలేదు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు మూడేళ్లుగా కిడ్నీలో రాళ్లు వస్తున్నాయి. రక్తపరీక్షలో కాల్షియం రెండుసార్లు 12 దాటినా, ప్రైవేటు డాక్టరు రాళ్లకే మందులిచ్చారు. ఈ ఏడాది అది 15కు చేరి అమ్మ స్పృహ తప్పింది. వేరే ఆసుపత్రిలో మెడకు ఆపరేషన్ చేశారు. బయాప్సీలో పారాథైరాయిడ్ (మెడలో ఉండి కాల్షియంను అదుపు చేసే గ్రంథి) క్యాన్సర్ అని తేలింది. ‘ఇంత అరుదైన జబ్బును ఎవరు ఊహిస్తారు?’ అంటున్నారు పాత డాక్టరు. కేసు నిలబడుతుందా?

జవాబు: అమ్మగారు త్వరగా కోలుకోవాలి.

ఆ డాక్టరు మాటలో సగం నిజముంది. పారాథైరాయిడ్ గ్రంథి వల్ల కాల్షియం పెరిగిందంటే చాలావరకు అది క్యాన్సర్ కాని గడ్డే. క్యాన్సర్ నూటికి ఒకరిలో కూడా ఉండదు. ఆపరేషన్‌కు ముందు ఖాయంగా చెప్పడం నిపుణులకే కష్టం. అందుకే ‘క్యాన్సర్‌ను గుర్తించలేదు’ అని ఫిర్యాదు రాస్తే నిలబడదు.

మీరు అడగాల్సింది వేరు. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉండాలి. రెండుసార్లు 12 దాటి, పైగా రాళ్లు కూడా ఉంటే ఆ గ్రంథి విడుదల చేసే పీటీహెచ్ అనే హార్మోను పరీక్ష ఎందుకు రాయలేదు? అది మామూలు రక్తపరీక్షే. అది రాయడానికి అరుదైన జబ్బును ఊహించనక్కర్లేదు. ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యమున్నవారు చూపే శ్రద్ధ చూపారా లేదా అన్నదే సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ కేసులో (2005) పెట్టిన కొలమానం. నా అభిప్రాయంలో మీ బలం ఇక్కడే ఉంది.

అసలు చిక్కు నష్టం నిరూపించడంలో వస్తుంది. ముందే తెలిసినా ఆపరేషన్ తప్పేది కాదని అవతలి లాయరు వాదిస్తారు. కాబట్టి ఆలస్యం వల్ల అదనంగా ఏం జరిగిందో చూపాలి: కిడ్నీ ఎంత దెబ్బతింది, ఎముకలు గుల్లబారాయా, గడ్డ పక్క కణజాలానికి పాకిందా. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష పాత, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెట్టి, ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అది లేకుండా ముందుకు వెళ్లొద్దు.

ఆ రెండు కాల్షియం రిపోర్టులను డాక్టరు చూశారని కూడా తేలాలి. వాటి తర్వాత తేదీతో ఉన్న ప్రిస్క్రిప్షన్లు వెతకండి. అమ్మగారి సంతకంతో రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించొచ్చు గానీ, ఆ వాదన మీదే ఆధారపడి కాలయాపన చేయకండి. పోలీసు కేసు మాత్రం వద్దు. దానికి తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, మీరు రాసినదాంట్లో నాకది కనిపించలేదు.