అ నుంచి అః దాకా పాడేస్తాడు, విడిగా చూపిస్తే చెప్పలేడు

ప్రశ్న: మా బాబుకి ఐదో ఏడు నడుస్తోంది. అ ఆ ఇ ఈలు గడగడా అప్పజెప్పేస్తాడు, కానీ పుస్తకంలో ఎక్కడో ‘ఎ’ చూపించి ఇదేంట్రా అంటే మళ్ళీ ‘అ’ దగ్గర్నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వస్తాడు. కూర్చోబెట్టి దిద్దిద్దామంటే ఐదు నిమిషాల్లో ఏడుపు. ఆటల్లో పెట్టి చదవడం నేర్పొచ్చా?

జవాబు: నేర్పొచ్చండీ, ఈ వయసుకి అదే మంచిది కూడా. మీవాడు చెప్పేది ప్రస్తుతానికి ఒక పాట అంతే, ఆ వరసకీ కాగితం మీదున్న గీతలకీ వాడి బుర్రలో ఇంకా లంకె పడలేదు. 56 అక్షరాలూ అయ్యాకే మాటలు అని పెట్టుకోకండి, పిల్లలకి అక్కడే విసుగొచ్చేస్తుంది.

ముందు చెవితో ఆడండి, కాగితం అక్కర్లేదు. మీరు ‘పడవ’ అంటే వాడు ‘వ’తో ‘వల’ అనాలి, మీరు ‘లత’, వాడు ‘తల’... స్నానం చేయిస్తూ కూడా ఆడుకోవచ్చు. మాటని ముక్కలుగా వినడం వస్తే చదవడం సగం వచ్చినట్టే, ఎందుకంటే తెలుగులో మనం పలికే ముక్కకీ రాసే అక్షరానికీ చాలావరకు సరిపోతుంది.

తర్వాత చీటీల ఆట. అరచేయంత కాగితాల మీద ప, డ, వ పెద్దగా రాసి, ఒకటి దిండు కింద, ఒకటి తలుపు వెనక దాచండి, దొరికినప్పుడల్లా వాడే పేరు చెప్పాలి, చెప్పలేకపోతే మీరు చెప్పేసి మళ్ళీ దాచెయ్యండి, పరీక్ష పెట్టకండి. మూడూ దొరికాక వరసగా పేరిస్తే పడవ! వాడంతట వాడు చదివిన మొదటి మాట అది, ఆ మొహం చూడాలి మీరు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, వ, మ, య లాంటివి ఒకేరోజు ఇవ్వకండి, పెద్దవాళ్ళకి తేలికే గానీ పిల్లల కళ్ళకి అవన్నీ ఒకటే. ‘వ’ బాగా కుదిరాక దాని పక్కన ‘మ’ పెట్టి, తోక ఎక్కడుందో వాడినే వెతకమనండి.

గుణింతం కూడా అప్పజెప్పించక్కర్లేదు. ‘పలక’ రాసి, ‘ప’కి గుడి పెట్టి చదవమనండి. పిలక! నాకు తెలిసిన ఒక పాప ఇది చూసి పగలబడి నవ్వి, దొరికిన ప్రతి మాటకీ గుడి పెట్టుకుంటూ పోయింది.

రాత్రి కథ చదివేటప్పుడు మాట కింద వేలు జరుపుతూ చదవండి. బొమ్మ చూసి ఊహించి చెప్పినా తప్పనకండి. ఏదైనా మాట దగ్గర ఆగితే వెంటనే అందించెయ్యకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి, చాలాసార్లు వాడే చెప్పేస్తాడు. అక్షరం తిరగేసి రాసినా ఈ వయసులో కంగారు అక్కర్లేదు, కానీ పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, పిలిస్తే పలక్కపోతున్నా కళ్ళూ చెవులూ ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

రోజూ పది నిమిషాలు చాలు, వాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపెయ్యండి. ఇవాళ్టికి వాడి పేరు రాసి చెప్పుల దగ్గర అంటించండి, దాంతో మొదలుపెడదాం.